బకెట్ నీళ్లలో బేరి చెక్క గరిటెలు

నేను, అబీలియో రొల్దావ్, పోర్చుగల్ దేశం మరీన్య గ్రాందె పట్నంలో గాజు ఊదిన కీర్తిశేషులు జొయాకిం రొల్దావ్ కుమారుణ్ణి, ప్రస్తుతం లక్సెంబర్గ్ దేశం ఎష్ పట్నంలో రైలు కట్ట పక్క వీధిలో మూడో అంతస్తులో కాపురం ఉంటున్నవాణ్ణి, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా. నా ఊపిరితిత్తులు చెడిపోయాయని డాక్టర్లు రాసిచ్చారు. బుర్ర చెడిపోయిందని ఇంతవరకు ఎవరూ రాసివ్వలేదు. కనుక మతి స్థిమితంగా ఉన్నట్టే లెక్క. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. నా భార్య బలవంతమే ఉంటే ఈ కాగితం ఇందులో సగం కూడా ఉండేది కాదు.

నోటరీ గారి దగ్గర పనిచేసే అమ్మాయి చిత్తుప్రతి చదివి, ఇలాంటి సంగతులు వీలునామాలో రాయరండీ అంది. మరి ఇంకెక్కడ రాయాలో చెప్పలేదు. దీనికి ఫ్రెంచి అనువాదం కూడా తయారవుతుందట. రెండింటికీ తేడా వస్తే నా భాషలో ఉన్నదే చెల్లుతుంది.

1. రద్దు. ఈ దేశం వచ్చిన కొత్తలో నేను రాసి పెట్టిన వీలునామాను ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. అందులో మూడే ముక్కలు ఉన్నాయి. నేను ఎక్కడ పోయినా మరీన్య గ్రాందె తీసుకువెళ్లి మా నాన్న పక్కన పాతిపెట్టాలి. నా చెక్క గరిటెలను అక్కడ మళ్లీ మా బట్టీ వెలిగేదాకా నీళ్లలోనే ఉంచాలి. నా బావమరిది వల్దెమార్‌కు నా వస్తువుల్లోంచి ఒక్క మేకు కూడా ముట్టకూడదు. ఎలాగైనా తిరిగి వెళతాననే నమ్మకంతో రాసిన కాగితం అది. ఆ నమ్మకాన్ని ఇప్పుడేం చేయాలి, ఎవరి చేతిలో పెట్టాలి అన్నది తేల్చడానికే ఈ కొత్త కాగితం.

2. నిర్వాహకురాలు. ఈ వీలునామాను అమలు జరపవలసింది నా కూతురు సిల్వియా. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. లెక్కలు ఫ్రెంచిలో వేస్తుంది, తన పిల్లతో ఈ ఊరి భాషలో మాట్లాడుతుంది, కాలికి ఏదైనా తగిలితే మాత్రం మన భాషలోనే తిడుతుంది. ఆ తిట్లు నా దగ్గర నేర్చుకున్నవే కనుక ఆమె నా వారసురాలు అనడానికి వేరే రుజువు అక్కర్లేదు.

3. గరిటెలు. నా స్వార్జితమైన చరాస్తిలో అన్నిటికన్నా ముందు చెప్పవలసినవి బేరి చెక్క గరిటెలు. చూడటానికి పొడుగు పిడి ఉన్న గుంట గరిటెల్లా ఉంటాయి. బట్టీలోంచి గొట్టం చివర తీసిన గాజు ముద్దను ఈ గుంటలో ఆనించి, తిప్పుతూ గుండ్రం చేస్తాం. చెక్క నిండా నీళ్లు తాగి ఉంటేనే పని జరుగుతుంది. గాజుకూ చెక్కకూ మధ్య ఆవిరి లేస్తుంది, ముద్ద ఆ ఆవిరి మీదే తిరుగుతుంది. గరిటె ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే పగులు తీస్తుంది. ఆ తర్వాత అది వంటచెరకు. అందుకే గాజు ఊదేవాడి గరిటెలు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయి.

ఊరు వదిలి బస్సెక్కినప్పుడు వీటిని మూత ఉన్న బకెట్లో వేసి ఒళ్లో పెట్టుకుని వచ్చాను. స్పెయిన్‌లో ఎక్కడో కుదుపుకు నీళ్లు ఒలికి ముందు సీటావిడ బూట్లు తడిశాయి. ఫ్రాన్సు దాటేదాకా ఆమె నన్ను తిడుతూనే ఉంది. ఇక్కడ ఆ బకెట్టు స్నానాల గదిలో ఉంటుంది. బాల్కనీలో పెడితే చలికాలం గడ్డకడుతుంది. ప్రతి ఆదివారం చర్చికి బయలుదేరే ముందు నీళ్లు మారుస్తాను, లేకపోతే పాచి వాసన వేస్తుంది. ఆ వాసన గురించి నా భార్య గ్రాసా అన్న మాటలన్నీ రాయాలంటే వేరే దస్తావేజు కావాలి. ఇంటికి ఎవరైనా వస్తే, మా ఆయన కప్పల్ని పెంచుతున్నాడు చూస్తారా అని స్నానాల గదిలోకి తీసుకువెళ్లేది. నీళ్లు మార్చిన ప్రతిసారీ, వచ్చే ఏడాదికి మనం వెళ్లిపోతాం అని పైకే అనేవాణ్ణి. దానికి మాత్రం ఆమె ఎన్నడూ జవాబు చెప్పలేదు.

ఒక మ్యూజియం వాళ్లు వీటిని అడిగారు. ఎండబెట్టి, వార్నిష్ పూసి, దీపం కింద పెడతారట. చాలా మర్యాదగా అడిగారు, నేనూ అంతే మర్యాదగా కుదరదన్నాను.

4. మేస్త్రీ తీల్‌కు. నేను కిటికీ అద్దాలు బిగించిన కంపెనీలో పని చేయించిన తీల్ గారికి నా తోలు చేతి తొడుగులు చెందవలసినది. మా ఊళ్లో నన్ను మేస్త్రీ అనేవాళ్లు. ఇక్కడ మేస్త్రీ ఆయన. పనిలో చేరిన రోజు బల్ల మీద ఉన్న అద్దం పలకను ఎత్తమన్నాడు. నేను ముట్టుకోకుండా, ముందుగా చేతి వెనక వైపు దగ్గరగా పెట్టి వేడి చూశాను. గాజు కాలుతున్నా చల్లగా ఉన్నా కంటికి ఒకేలా ఉంటుంది. మా ఊళ్లో నడక వచ్చిన పిల్లలకు కూడా అది తెలుసు. ఫ్యాక్టరీ నుంచి లారీలో వచ్చిన చల్లటి కిటికీ అద్దం దగ్గర చలి కాచుకుంటున్నాననుకుని సైటంతా పడీ పడీ నవ్వింది. తీల్ గారు అప్పటినుంచి నేను మానేసేదాకా నన్ను పేరుతో పిలవలేదు, ఏయ్ కిటికీ అనే పిలిచాడు. ఈ తొడుగులు తొడుక్కున్నప్పుడైనా నా పేరు గుర్తు చేసుకోవాలని కోరిక. అబీలియో. మరీ కష్టమైన పేరేమీ కాదు.

అయినా ఆయన పెట్టిన పని వల్లే మా ఇంట్లో పొయ్యి వెలిగింది. అది కూడా రాసి ఉంచాలి.

5. సిల్వియాకు. బట్టీ ఆరకముందు నేను ఆఖరున ఊదిన నీళ్ల జాడీ సిల్వియాకు చెందవలసినది. మెడ దగ్గర ఒక బుడగ ఉండిపోయింది. నా చేతుల మీదుగా వెళ్లిన వాటిలో బుడగ ఉన్నా పారెయ్యకుండా ఇంటికి తెచ్చుకున్నది అదొక్కటే. అమ్మా, దాన్ని అద్దాల బీరువాలో పెట్టకు. బల్ల మీద పెట్టి నీళ్లు పోసుకో. నీ కూతురు పగలగొడితే కొట్టకు.

ఇంకొకటి. ప్రతి ఆగస్టులో మన ఊరు వెళ్లి, కారు నిండా ఉప్పు చేపా ఆలివ్ నూనే మోసుకురావాలనే నియమం నా కోసం పెట్టుకున్నావు. నీ మొగుడు అక్కడి ఎండకు ఎర్రబడి తోలు ఊడిపోయినా పాపం నోరెత్తలేదు. నేను పోయాక ఆ నియమం నీకు లేదు. బుద్ధి పుడితే వెళ్లు, లేకపోతే లేదు.

6. వల్దెమార్ సంగతి. వల్దెమార్ గ్రాసాకు తమ్ముడు. మా జట్టులో బట్టీ మంట చూసేదీ వాడే, మొదటి గాజు ముద్ద తీసి నా చేతికి అందించేదీ వాడే. గాజు ఊదడం ఒక్కడు చేసే పని కాదు. నేను గొట్టం చాపితే వాడు ఎక్కడ ఉండాలో అక్కడ ఉండేవాడు. మా మధ్య మాటలు కూడా అక్కర్లేదు.

2012లో మా యజమాని చేతులెత్తేశాడు. గ్యాసు ఇంకా వస్తోంది, జీతాలే రావడం లేదు. గాజు బట్టీ చల్లారితే లోపల గాజు కరిగించే మట్టి కుండ పగులుతుంది, అది పగిలితే ఇక ఆ బట్టీ లేనట్టే. ఎవరో ఒకరు కొంటారు, మంట మాత్రం బతికుండాలి అనుకుని మా జట్టంతా జీతం లేకుండా వంతులు వేసుకుని కాపలా కాశాం. ఇంకో ఊరివాళ్లయితే తాళం వేసి వేరే పని వెతుక్కునేవాళ్లు. మాకు నిప్పును వదిలి వెళ్లడం ఎలాగో తెలియదు. ఒక ఉదయం వల్దెమార్ రాలేదు. స్విట్జర్లాండులో సరస్సు పక్క ఒక గాజు కార్ఖానాలో పనికి కుదిరాడని మధ్యాహ్నానికి తెలిసింది. ఆ పాత బర్నర్ల తిక్క వాడికి తప్ప ఎవరికీ తెలియదు. నేను ఒక్కణ్ణే తంటాలు పడి వారం నిలబెట్టాను. తర్వాత మంట కుంగింది. కుండ పగిలిన చప్పుడు నేను పక్కనే నిలబడి విన్నాను. జట్టు చెల్లాచెదురైంది. నేనూ ఇక్కడికొచ్చి పడ్డాను.

బట్టీని చంపినవాడు వల్దెమార్ అని నేను ఊరంతా చెప్పాను. ఇక్కడి కఫేలో కూడా చెప్పాను. క్రిస్మస్‌కు వాడు ఫోను చేస్తే మాట్లాడకుండా గ్రాసా చేతికి ఇచ్చేవాణ్ణి. వాడు ఒక్కసారి కూడా తన వైపు మాట చెప్పుకోలేదు. తప్పు చేసినవాడు కనుక నోరు పెగలడం లేదని అనుకున్నాను.

మొన్న చలికాలం ఆసుపత్రిలో పడ్డాను. ఆదివారం గ్రాసా సూప్ తీసుకుని వచ్చింది. గరిటెల నీళ్లు ఎవరైనా మార్చారా అని అడిగాను. నేనే మార్చాను అంది. నాకు నమ్మకం కలగలేదు. చేతులు చూపించింది, పాచి వాసన వేస్తున్నాయి. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని ఈ మాటలు అంది.

"అబీలియో, ఆ బట్టీ ఆర్పింది మా తమ్ముడు కాదు, నేను. వాణ్ణి వెళ్లిపొమ్మని కాళ్లావేళ్లా పడ్డాను. ఆ నిప్పు ఉన్నంతకాలం నువ్వు కదలవు. పిల్ల చిరిగిన బూట్లతో బడికెళ్తోంది, నువ్వేమో ఆ మంటకు కాపలా కాస్తున్నావు. వాడు వెళ్లనంటే నా మీద ఒట్టు పెట్టాను. ఇన్నేళ్లూ నీ తిట్లు తిన్నాడే గానీ నా పేరు బయటపెట్టలేదు. నేనూ చెప్పకపోదును. వాణ్ణి తిట్టుకుంటూ నువ్వు పోతావేమోనని భయం వేసింది."

ఆ పూట సూప్ తాగలేదు. మర్నాడు తాగాను. మధ్యలో ఏమనుకున్నానో రాయాలని కూర్చుంటే రాయడానికి ఏమీ రావడం లేదు. కోపం రావాలి. దాని కోసం చాలాసేపు చూశాను. రాలేదు, ఏడుపు వచ్చింది.

ఇంటికి వచ్చాక వల్దెమార్‌కు నేనే ఫోను చేశాను. అటువైపు చాలాసేపు దగ్గు. వాడి ఊపిరితిత్తులు కూడా నావి చదివిన బడిలోనే చదువుకున్నాయి కదా. ఆ తర్వాత, "బావా, గరిటెలు తడిగానే ఉంచావా?" అన్నాడు. ఉంచాను అన్నాను. ఇంకా ఒక సంగతి అప్పుడే బయటపడింది. వెళ్లే ముందు రోజు సాయంత్రం బర్నర్లు అన్నీ విప్పి శుభ్రం చేసి, ఎవరూ ముట్టుకోకపోయినా మంట వారం నిలబడేలా అమర్చి వెళ్లాడట. ఆ వారం నా పనితనమని నేను ఇన్నేళ్లు గొప్పలు చెప్పుకున్నాను.

7. గరిటెలు చెందవలసినది. కాబట్టి, బేరి చెక్క గరిటెలు అన్నీ, బకెట్టుతో సహా, నా తదనంతరం నా బావమరిది వల్దెమార్‌కు సర్వహక్కులతో చెందవలసినది. సిల్వియా కారులో తీసుకువెళ్లి స్వయంగా వాడి చేతికి ఇవ్వాలి. పార్సిలులో పంపకూడదు, తపాలా వాళ్లు నీళ్లు ఒలకబోస్తారు.

దీనికి ఒక్క షరతు. ఒరే వల్దెమార్, వీటిని దాచకు. మరీన్య గ్రాందెలో మన బట్టీ మళ్లీ వెలగదు. నాకు ఈ సంగతి చాలాకాలంగా తెలుసు, రాయడం ఇదే మొదటిసారి. నువ్వు ఇప్పటికీ బట్టీ ముందు నిలబడుతున్నావు. రేపే వీటిని వాడు. గాజు తగిలిన ప్రతిసారీ గుంట లోపల కొంచెం కాలుతుంది, అది నీకు తెలిసిందే. అలా కాలి కాలి అడుగు పల్చబడి చిల్లు పడేదాకా వాడు. చిల్లు పడ్డవాటిని ఆ సరస్సు పక్క బట్టీలోనే వేసెయ్యి. నాకోసమని ఒక్కటి కూడా మిగల్చకు.

8. గ్రాసాకు. ఈ ఇంట్లో ఉన్న సమస్తమూ, నా పింఛనులో ఆమెకు రావలసిన భాగమూ నా భార్య గ్రాసా దాన విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలసినది. ఇంతవరకు నోటరీ గారి కోసం. మిగతాది నీ కోసం.

గ్రాసా, నువ్వు ఆర్పకపోతే నేను అక్కడే ఉండేవాణ్ణి. నేను పస్తులుండి, నిన్నూ పిల్లనూ పస్తులుంచి, ఆ మంట ముందే కూర్చునేవాణ్ణి. నువ్వు చేసింది సరైన పనే. అయినా నాకు ఈ రోజుకీ అక్కడే ఉండాలని ఉంది. కళ్లు మూసుకుంటే బట్టీ నోరు కనిపిస్తుంది. సముద్రం నుంచి పైన్ చెట్ల మీదుగా వచ్చే గాలి చెమట పట్టిన వీపుకు తగులుతుంది. ఇక్కడ ఏ కిటికీ తీసినా ఆ గాలి రాదు, ఈ ఊళ్లో సగం కిటికీలు బిగించినవాణ్ణి నేనే. బతికుండగా తీరని ఈ కోరికను పోయాకైనా తీర్చండని పాత కాగితంలో రాశాను. ఆ కోరిక ఈ కాగితం రాస్తున్నప్పుడు కూడా అలాగే ఉంది, ఏమీ తగ్గలేదు.

కానీ నువ్వు ఇక్కడే ఉంటావు. మనవరాలు ఇక్కడ ఉంది, నీ మోకాళ్ల డాక్టరు ఇక్కడ ఉన్నాడు, చేపలమ్మే ఆవిడతో తగాదా పెట్టుకోవడానికి సరిపడా ఫ్రెంచి కూడా నీకు వచ్చింది. నన్ను మా నాన్న పక్కన పెడితే నువ్వు ఏడాదికొకసారి వచ్చి, రాయి తుడిచి, బస్సు తప్పిపోతుందని పరిగెత్తాలి. నాకు అది చాలదు. నన్ను ఎష్‌లోనే పాతిపెట్టండి. నువ్వు నడిచి రాగలిగిన చోట.

ఇది నేను చదివి, సరిచూసుకుని, నా సమ్మతితో చేసిన సంతకం.

ఎష్, 2024 నవంబరు 17, ఆదివారం.

(సంతకం) అబీలియో రొల్దావ్, గాజు ఊదేవాడు

సాక్షులు:
ఒతీలియా సెర్రానో, కింది అంతస్తులో కఫే యజమానురాలు
జోసీ వెల్టర్, ఎదురింటి పొరుగువాడు, రిటైరైన రైల్వే ఉద్యోగి