ఎర్రగా అంటిన పిడి

ఒహాయో,
సోమవారం

వెర్నా,

పక్కింటిదానివే అయినా ఎదురుగా చెబితే నోరు జారుతుందని రాస్తున్నాను. నువ్వు పీచ్ పళ్ల కేకు పంపిన గిన్నె తిరిగి పంపుతున్నాను.

నిన్న తుపాకుల క్లబ్బులో మా ఓర్వల్ ఆ పాతకాలం బుల్లి రివాల్వర్ నా చేతిలో పెట్టి, "పెళ్లిరోజు కానుక. చలికాలమంతా నీకోసమే పిడి చెక్కాను" అన్నాడు. పొంగిపోయాను. తీరా పట్టుకుంటే నా చిటికెనవేలికి చోటే లేదు. చూపుడువేలు కణుపుదాకా ట్రిగ్గర్ దాటి దూరిపోయింది.

"ఏం అక్కా, పిడి కరుస్తోందా?" అని నవ్వుతూ నువ్వు తీసుకున్నావు. అది నీ అరచేతిలోనే పుట్టినట్టు కూర్చుంది. అంత మొండి ట్రిగ్గరూ నీ వేలికొసకి వెన్నలా లొంగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఓర్వల్ మాత్రం తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

పిడి ఎలా కుదురుస్తారో నాకు తెలీదనుకున్నారా ఇద్దరూ? మా నాన్న చేసిందీ ఆ పనే. అరచేతికి లిప్‌స్టిక్ పూసి పిడి పట్టిస్తారు. చెక్క మీద ఎర్రగా అంటిన చోటల్లా ఆకురాయితో అరగదీస్తారు. కుదిరేదాకా మళ్లీ పూస్తారు, మళ్లీ పట్టిస్తారు. ఈ చలికాలం నా లిప్‌స్టిక్ అడుగంటింది. నా చేతికి మాత్రం ఒక్కసారీ పూయలేదు.

ఆ పిడి ఊడదీసి గిన్నెలో పెట్టాను, ఉంచుకో. రివాల్వర్ నాది, చెక్కేవాడూ నావాడే. కొత్త చెక్క తెప్పించాను. ఈసారి చెయ్యి నాది.

లిప్‌స్టిక్ మాత్రం నీది పంపు. నాది నువ్వే అవగొట్టావు.

ఇట్లు,
ఓర్వల్ పెళ్లాం