బొగ్గు కోసం ఆగిన సూర్యుడు

వైశాఖం, మంగళవారం రాత్రి

సాయంత్రం అమీర్‌పేటలో కరెంటు పోయింది. ఎండ ఇంకా ఉన్నా, మా అపార్ట్‌మెంట్ మేడ మీది సోలార్ పలకలూ ఆగిపోయాయి. లైన్లో కరెంటు లేకపోతే ఇవీ పనిచేయవని పోయినేడు, ఇవి పెట్టించేముందు జరిగిన మీటింగులో నేను చెప్పాను. "మస్తు చదువుతరు సార్, గని మీ బొగ్గు జమానా అయిపోయింది" అని అందరినీ నవ్వించాడు సెక్రటరీ నర్సింగ్‌రావు.

ఇవాళ మెట్లెక్కి, మేడ మీదున్న నా దగ్గరికి రొప్పుతూ వచ్చాడు.

"గిదేంది సార్, సూర్యుడున్నడు గదా?"

"ఉన్నడు. మా బొగ్గు కోసం చూస్తుండు."

ఏడాదిగా దాచుకున్న మాట. అతను తలొంచుకుని దిగిపోయాడు.

ఒంటరిగా పలక మీద చేయి పెట్టాను. రిటైరయ్యేదాకా నేను పనిచేసిన బొగ్గు థర్మల్ స్టేషన్లో నా బాయిలర్ గోడకూ ఇదే వెచ్చదనం. పోయిన నెల దాన్ని కూల్చేశారు. కళ్ళు మూసుకుంటే సన్నగా దాని హోరు వినిపించింది.

కరెంటు వచ్చింది, కింద లిఫ్టు కదిలింది. చేయి తీయాలనిపించలేదు...