పళ్లు చూసి చెప్పే వయసు

సోమవారం. వేరుశనగ విత్తే అదను దాటిపోతోంది, వాన జాడ లేదు.

తాలూకాఫీసులో నా విధవా వేతనం, నెలనెలా వచ్చే పింఛను, ఆపేశారు. "నీకు అరవై ఐదు నిండినాయి కదమ్మా. ఇంక నీది వృద్ధాప్య వేతనం, కొత్తగా అర్జీ పెట్టుకో" అన్నాడు గుమాస్తా. వయసుకు రుజువుగా రేషన్ కార్డు ఇచ్చాను. "ఇది చెల్లదు. డాక్టరు సర్టిఫికెట్ తీసుకోని రాపో."

ఆపడానికి వాళ్లు చూసింది ఆ కార్డే! అందులోని వయసు కూడా, మా ఆయన పోయిన ఏడు నా నెరిసిన జుట్టు చూసి ఊరి లెక్కలు రాసే శానుభోగు ఊహించి రాసింది. ఆపడానికి చెల్లిన వయసు ఇవ్వడానికి చెల్లదట.

"డాక్టరు మాత్రం ఎట్ల చెప్తాడప్పా?" అని అడిగాను.

"పళ్లు చూసి" అన్నాడు, తల కూడా ఎత్తకుండా.

సంతలో ఎద్దుకు చూసినట్టు! రేపు వెళ్లి నోరు తెరుస్తాను. కరవడానికి సరిపడా ఇంకా ఉన్నాయి.