సౌజన్యం

2008, శ్రావణ మంగళవారం, రాత్రి

ఈ మనిషితోని నాకు తల పగులుతున్నది. మా ఆయన ఏదో వెబ్‌సైట్ల నుంచి కొత్త సినిమా దించి, మా జహనుమా బస్తీల కేబుల్ టీవీ నడిపేటాయనకు సీడీ ఇచ్చిండు. ఊకనే ఇస్తడా? సినిమా నడిచినంతసేపు కింద మన చీరల దుకాణం పేరు, ఫోన్ నంబరు ఉరకాలె. "ఈ చిత్రం మా సౌజన్యంతో" అని గూడ రాయించిండు.

పోలీసులకు వెతికే పనే లేకపాయె. ఆ నంబరుకే ఫోన్ చేసి అడ్రస్ అడిగిన్రు. ఈయనేమో గిరాకీ అనుకొని, మలుపు దాంక ఎదురుపోయి మరీ తోల్కొచ్చిండు! కేసు రాసి, దుకాణంల కంప్యూటర్ జీపుల వేసుకొని పోయిన్రు. శ్రావణం గిరాకీ ఇడిచిపెట్టి ఇగ కోర్టు చుట్టు తిరగాలె.

పొద్దున నయాపూల్ల వకీలు సాబ్ దగ్గరికి పోయినం.

"అందరు చూస్తున్నరు గద సాబ్. నేనేమన్న అమ్ముకున్ననా?" అన్నడు ఈయన.

"చూసినోళ్ల సంగతి తర్వాత భాయ్. పంచింది నువ్వు, దుకాణానికి వాడుకున్నది నువ్వు. సౌజన్యం అని పేరు గూడ నువ్వే వేసుకున్నవ్. ఇగ నేనేమని వాదించాలె?" అన్నడు వకీలు. జైలు గూడ పడొచ్చట.

ఆటోల వస్తుంటే ఈయన తల కిందికేసుకొని కూసున్నడు. పాపమనిపించి నేనే చెయ్యి పట్టుకున్న.

"ఇంకోసారి ఆ తప్పు చెయ్యనే," అన్నడు.

హమ్మయ్య అనుకున్న.

"ఇగ సినిమా కింద పేరు రాయించ."