రెండో పీట

ఆదివారం, మార్చి 9
వెనక వరండాలో, మధ్యాహ్నం

చిరంజీవి ఉడుతకు,

నాయనమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ వేళకి తిని, వేళకి పడుకుని, బాగా చదువుతున్నావని నమ్ముతున్నాను. నమ్మకం వేరు, నిజం వేరు అని నాకూ తెలుసు. నీ ఉత్తరమంతా ఒకటే ప్రశ్న: పడవ తేలిందా, తాతయ్యకి పడవలు కట్టే షెడ్డులో మళ్ళీ చోటు దొరికిందా? వరసగా చెబుతాను. చివరి పేజీ ముందు చదివే అలవాటు మానుకో.

నిన్న రేవు ఒడ్డున మనవాళ్ళ చేతిపనుల ప్రదర్శన జరిగింది. పేర్లు రాసుకునే పని ఈసారీ నాదే కనుక ఏది ఎవరిదో నాకు ఖాయంగా తెలుసు. వలదారంతో అల్లిన తెరలు, గవ్వల దీపాలు, కుమ్మరి చేసిన నీలం గిన్నెలు, మీ అమ్మ అల్లిన బుట్టలు. మీ డ్రాయింగు మాస్టారు గోడంత గుడ్డ మీద సముద్రం బొమ్మ వేశారు. అసలుది పక్కనే ఉండగా ఇదెందుకని అడిగాను. అది ఒకచోట నిలవదు కదండీ, ఇది నిలుస్తుంది అన్నారు. జవాబు సబబుగానే ఉంది. గాలికి గుడ్డ ఎగిరి ఆయన నెత్తిన పడేదాకా.

ఇక పడవలు. మన నియమం నీకు తెలుసు. కట్టిన మనిషి, ఆ ఇంటివాళ్ళలో ఒకరు, ఇద్దరూ ఎక్కి రేవులో పాతిన ఎర్ర గుంజని చుట్టి రావాలి. రాలేకపోతే దాన్ని పడవ అనరు, సామాను అంటారు.

తాతయ్య మణికట్టు విరిగి అతుక్కున్నాక షెడ్డు మేస్త్రి ఏమన్నాడో నీకు గుర్తుండే ఉంటుంది. రోజూ రండి గురువుగారూ, కూర్చోండి, టీ తాగండి, ఉలి మాత్రం మాకు వదిలెయ్యండి అన్నాడు. ఆ మర్యాద ఆయనకి తిట్టుకన్నా గట్టిగా తగిలింది. అందుకే పట్టుబట్టి ఈ పడవని మన పెరట్లో కట్టారు. ఇది గుంజ తిరిగి వస్తే ఆయన పని బల్ల ఆయనకి తిరిగిస్తానని మేస్త్రి మాట ఇచ్చాడు. పెరట్లో కట్టిన మొదటి పడవ ఇదే. మిగతావన్నీ షెడ్డులో పుట్టి అటునుంచి అటే నీళ్ళలోకి వెళ్ళాయి. ఈ ముక్క గుర్తుపెట్టుకో. నా తరఫు వాదన అంతా దీనిమీదే నిలబడి ఉంది.

శుక్రవారం పొద్దున ఆయన గుడారాలు వేయించడానికి రేవుకి వెళ్ళారు. నేను పెరట్లోకి వెళ్ళి చూస్తే పడవ నిండా నీళ్ళు, నీళ్ళ నిండా ఆకులు. ఆ వారంలో వాన పడింది కదా, ఆ నీళ్ళే అనుకున్నాను. తెల్లారితే నలుగురూ చూసే వస్తువు. ఈ మనిషికి కట్టడం వచ్చుగాని తుడవడం రాదనుకుని, బకెట్టుతో తోడిపోసి, పాత గుడ్డతో తుడిచి, రోజంతా ఎండ తగిలేలా పెట్టాను. సాయంత్రానికి అద్దంలా మెరిసింది. మెచ్చుకునేవాళ్ళు లేక నన్ను నేనే మెచ్చుకున్నాను.

నిన్న పడవని నీళ్ళలోకి దించారు. ముందు పీట మీద తాతయ్య, చేతుల్లో నువ్వు చెక్కిన తెడ్లు. రెండో పీట మీద మీ అమ్మ. తెడ్డు ఒక్కసారి వేశారో లేదో అడుగునుంచి ఊట. మీ అమ్మ కాళ్ళు పైకి పెట్టుకుంది. ఇది పడవా, జల్లెడా అని ఒడ్డున ఎవరో అన్నారు. ఈదుకుంటూ వెళ్తే తొందరగా వస్తారని ఇంకొకరి సలహా. మేస్త్రి నా పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. కొత్త పడవని దించేముందు కొన్నాళ్ళు నీళ్ళు నింపి ఉంచుతాం కదమ్మా, చెక్క ఉబ్బి అతుకులు బిగుసుకుంటాయి, పాపం గురువుగారు అదీ మర్చిపోయినట్టున్నారు అన్నాడు. నిన్నటిదాకా ఆయన చెయ్యి పోయిందన్నారు. ఇప్పుడు బుర్ర వంతు వచ్చింది.

పేర్లు రాస్తున్న కలం ఆగిపోయింది. పడవలో నీళ్ళు పోసింది వాన కాదు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కట్టిన ఒక్క పడవా నేను ఎక్కలేదు. ప్రతిసారీ ఆయన రమ్మనడం, నాకు పనుందనడం. పని ఉత్త సాకు, నాకు నీళ్ళంటే హడలు. అయినా పుస్తకం మాస్టారి చేతిలో పెట్టి నీళ్ళలోకి దిగాను. పోతూ పోతూ కుమ్మరి బల్ల మీది పెద్ద గిన్నె అందుకున్నాను. అది అమ్మేది కాదమ్మగారూ అని అతను వెనకే వస్తున్నాడు. కొనడం లేదని చెప్పాను.

మీ అమ్మని దిగమన్నాను.

"అత్తయ్యా, మీకు నీళ్ళంటే భయం కదా."

"భయం నాదే, తప్పూ నాదే. నువ్వు దిగు."

తాతయ్య వెనక రెండో పీట మీద కూర్చున్నాను. ఆయన తెడ్డు వేశారు, నేను నీళ్ళు తోడాను. లోపలికి వచ్చినదానికీ బయటికి పోసినదానికీ సరిపోవాలి. జన్మలో అంత జాగ్రత్తగా ఏ లెక్కా చూడలేదు. నిదానంగా తోడమని ఆయన అంటే, మీ పని మీరు చూసుకోండన్నాను. సగం దారిలో ఆయనకి నవ్వు మొదలైంది. మునుగుతుంటే నవ్వేమిటని కసిరాను. కసురుతూ కసురుతూ నేనూ నవ్వాను. గుంజ దగ్గర తలెత్తి చూస్తే ఒడ్డు జానెడయింది, గుడారాలు రంగుకాగితం ముక్కల్లా ఉన్నాయి. చుట్టూ వెలుగు. తోడడం మర్చిపోయాను. ఆయనే గుర్తుచేశారు.

అందరికన్నా ఆఖరున వచ్చాం. జనం మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి పడవని పట్టుకున్నారు. అప్పటికి చెక్క నీళ్ళు తాగి ఊట పలచబడింది. మేస్త్రి వంగి అతుకు అతుకునా వేలు నడిపి చూశాడు. నీళ్ళు తోడేసి ఎండబెట్టింది నేనేనని అందరూ వినేలా చెప్పాను. అతను కాసేపు మమ్మల్ని మార్చి మార్చి చూసి, ఎండిన పడవని గుంజ తిప్పి తెచ్చిన చేతికి ఇంకేం పరీక్ష పెట్టను గురువుగారూ, రేపటి సెలవు కానిచ్చి సోమవారం ఉలి పట్టుకుని రండి అన్నాడు. తాతయ్య తల ఊపి, టీ మాత్రం మానను అన్నారు.

జనం ఎంచిన బహుమతి కుమ్మరి గిన్నెకి వచ్చింది. ఇన్ని వస్తువుల్లో పని చేసి చూపించింది అదొక్కటే అన్నారు. అతను ఇప్పుడు ఎదురుపడితే నమస్కారం పెడుతున్నాడు. నీ తెడ్లు బాగున్నాయి. ఎడమది కాస్త బరువు, వచ్చాక చెక్కి సరిచెయ్యి. పరీక్షలో తెలిసిన జవాబుని కూడా రెండుసార్లు చదువుకుని రాయి. తెలుసనుకున్నచోటే తప్పు జరుగుతుంది. ఎవరిని చూసి చెబుతున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ నాయనమ్మ

తా.క. కవరు అంటించబోతూ ఉత్తరం తాతయ్యకి చూపించాను. శుక్రవారం సంగతి చదువుతూ ముసిముసిగా నవ్వుతున్నారు. గుచ్చి గుచ్చి అడిగితే బయటపెట్టారు. ఆ పొద్దున కొలత తాడు మర్చిపోయి వెనక్కి వచ్చారట. నేను పడవని తుడుస్తూ దానితో మాట్లాడటం పెరటి తలుపు దగ్గర నిలబడి విన్నారట. రేపు ఆయన పరువు నిలబెట్టమని చెబుతున్నానట. నిజమే, చెప్పాను. నీకు రాయలేదంతే.

చూసినవారు మళ్ళీ నీళ్ళు పోసుకోవచ్చు కదా, ఎందుకు ఊరుకున్నారని నిలదీశాను.

"పోస్తే పడవ కారదు. కారకపోతే నువ్వు ఎక్కవు" అన్నారు.

పని బల్ల పోతుందని భయం వెయ్యలేదా అంటే, వేసిందన్నారు. ఇన్నేళ్ళుగా ప్రతి పడవలోనూ రెండో పీట నా కొలతకే పెడుతున్నారట.

రావలసినంత కోపం వచ్చింది. అది తీరాక, తర్వాతి పడవలో ఆ పీట ఇంకో బెత్తెడు వెడల్పు పెట్టమన్నాను. నా కొలత ఆయన ఎప్పుడు తీసుకున్నారో గాని, ఇప్పుడు సరిపోవడం లేదు.