ఆ సభలో రైతులు

ఏమండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. నిన్న నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మన పింకీ స్కూలు చార్టు మీద కుర్చీలు గీస్తోంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా దక్షిణాదిన ఒక రాష్ట్రం. దాని శాసనసభలో ఎవరెవరు కూర్చునేవారో చూపించాలట. లాయర్లకు నీలం స్టిక్కర్లు, రైతులకు ఆకుపచ్చవి. సభంతా పచ్చగా నిండిపోయింది.

"చూడు మమ్మీ, ఎక్కువమంది రైతులే! ఎంత మంచి సభో!"

అంత మంచిదంటే నాకు మీ అనుమానమే పట్టుకుంది. ఈ పరాయి దేశంలో, అబూ హమూర్‌లో చర్చి అయ్యాక మనవాళ్ళెవరైనా రైతునని కాలరెగరేస్తే చాలు, "మీరే చేస్తారా, కౌలుకిచ్చారా?" అని మీరు మొహం మీదే అడిగేసేవారు. కౌలురైతు కొడుకు కదా! నేను సిగ్గుతో మీ మోచేయి గిల్లేదాన్ని.

ఈసారి నేనే అడిగాను. "మరి వాళ్ళ పొలాలు ఎవరు దున్నేవారే?"

పింకీ పుస్తకం తిరగేసింది. మొహం మారిపోయింది.

"చాలామందికి బానిసలున్నారు మమ్మీ. దున్నింది వాళ్ళే. వాళ్ళకి ఇందులో కుర్చీ లేదు."

మళ్ళీ చార్టు దగ్గరికి జరిగి, నీలం స్టిక్కర్ల మీద వేలు పెట్టింది.

"మరి ఈ లాయర్లు ఎవరి తరఫున వాదించేవారో?"

అచ్చం మీ గొంతు. అలవాటుగా నా చేయి దాని మోచేతి దాకా వెళ్ళింది. గిల్లలేదండీ.