దయచేసి నన్ను వెలివేయండి

ఏప్రిల్ 22, 2001. ఆదివారం. బందరు.

టీవీలో నేను! సీరియల్లో మహామంత్రిని. పరిషత్తు నాటకాల్లో గడ్డం అంటించుకుని అంటించుకుని చర్మం ఊడింది కానీ, ఇన్నాళ్లకి ఒక కెమెరా నా వైపు తిరిగింది. కథ పూర్వకాలంది. రాజు లేని రాజ్యం. సభ ఓట్లేసి పాలిస్తుంది. నాలుగో ఎపిసోడ్‌లో సభ నన్ను అన్యాయంగా వెలివేస్తుంది. ఆరో ఎపిసోడ్‌లో తిరిగొచ్చి నాలుగు పేజీల డైలాగ్ చెప్తాను. ఆ నాలుగు పేజీల కోసమే ఒప్పుకున్నాను. ఆఫీసులో ఈఎల్ కూడా పెట్టేశాను.

మా ఆవిడ కామేశ్వరికి చెప్తే, నాలుగు పేజీలేనా, ఇంట్లో రోజూ చెప్పేది అంతకంటే ఎక్కువే కదా అంది. దానికి కళ తెలీదు.

మే 2. నాగాయలంక లాడ్జి.

షూటింగ్ పడవలో ఏరు దాటి లంకలో. జాలర్ల ఊరు. వేట నిషేధం కాబట్టి మగవాళ్లంతా ఖాళీ. డైరెక్టర్ దుర్గాశ్రీనివాస్ నలభై మందికి పెడన అద్దకం ఉత్తరీయాలు కప్పి సభ్యుల్ని చేశాడు. నేను లేని సీన్లు ముందే తీసేశాడట. మనిషి హుషారే, ముందుచూపే తక్కువ.

పూర్వం ఓటంటే పుల్లలట. కుండలో నల్లపుల్ల వేస్తే వెలి, తెల్లపుల్ల వేస్తే నిర్దోషి. అందరూ నల్లవే వేయాలని వాళ్లకి చెప్పాడు. ఊరి పెద్ద నాంచారయ్య లేచి, ఇంతకీ ఈయన చేసిన తప్పేంటండీ అని అడిగాడు. తప్పేమీ లేదు, సేనాపతి ఇరికించాడు, కథ అంతే అన్నాడు డైరెక్టర్. నాంచారయ్య సరేనని కూర్చున్నాడు.

నేను సభ ముందు నా మొర చెప్పుకున్నాను. బాగా చెప్పాను. తీరా కుండ బోర్లిస్తే నల్లపుల్లలు రెండే. ఆ రెండూ సభలో కలిసి కూర్చున్న మా యూనిట్ వాళ్లవి.

డైరెక్టర్ నెత్తి కొట్టుకున్నాడు. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, ఈ జన్మకిది చాలనిపించింది.

మే 3.

మూడు టేకులు. మూడుసార్లూ నిర్దోషినే.

మే 4.

నాంచారయ్య ససేమిరా అంటున్నాడు. వాళ్ల ఊళ్లో ఏ తగువొచ్చినా ఇసకలో కూర్చుని, ఇరుపక్షాలూ విని తేలుస్తారట. తేల్చాక అది కట్టుబాటు. తప్పు చేయని మనిషిని వెలేశామని టీవీలో చూపిస్తే రేపు ఎవరైనా మా మాట వింటారా అండీ అన్నాడు. పోనీ వేరే మనుషుల్ని పెడదామంటే, ముందు ఎపిసోడ్లన్నింటిలోనూ ఈ మొహాలే.

డైరెక్టర్ ఉపాయం చెప్పాడు. మూర్తిగారూ, వెలి లేకపోతే మహామంత్రి నాలుగో ఎపిసోడ్‌లో జ్వరమొచ్చి పోతాడండీ, ఆ నాలుగు పేజీలూ సేనాపతికిచ్చేద్దాం అన్నాడు. సేనాపతి అంటే గుడివాడ ఈశ్వరప్రసాద్. డైలాగ్‌ని వేరుశెనక్కాయల్లా నమిలే మనిషి. నా నాలుగు పేజీలు వాడి నోట్లోనా?

సాయంత్రం నాంచారయ్య ఇంటికి వెళ్లి, బాబ్బాబు, నన్ను వెలెయ్యండి అని బతిమాలాను. ఇంతకీ ఏం చేశారేంటి అన్నాడు. ఏమీ చేయలేదన్నాను. ఆయన భార్య సంతోషమ్మ మజ్జిగిచ్చి, ఎండదెబ్బ తగిలినట్టుంది, వెళ్లి పడుకోండి అంది.

మే 5.

చెత్తగా నటించాలని నిర్ణయించుకున్నాను. నావల్ల అవుతుందా అని భయమేసింది. తడబడ్డాను. నేల చూపులు చూశాను. చెమట తుడుచుకుంటూ సగం గడ్డం ఊడబెరుక్కున్నాను.

ఈసారి యూనిట్ వాళ్లు కూడా తెల్లపుల్లలే వేశారు. ఏ పాపం ఎరగని మనిషే అలా వణుకుతాడని అనుకున్నారట.

మే 6. మధ్యాహ్నం.

వాళ్లు తీర్పుకి కూర్చున్న చోటికి చెప్పులతో వస్తే అంతకు మించిన తప్పు లేదని, పొద్దున పడవ నడిపే పున్నారావు మాటల్లో అన్నాడు. నాకది చాలు.

టేక్ అనగానే వేషానికిచ్చిన పావుకోళ్లతోనే సభ మధ్యకి నడిచాను. మీరెవరయ్యా నన్ను విచారించడానికి అన్నాను. ఆ మాట స్క్రిప్టులో లేదు. కుండ నిండా నల్లపుల్లలే. డైరెక్టర్ నన్ను కావిలించుకున్నాడు. నాలుగు పేజీలూ నాకే.

సాయంత్రం ఆరు.

ఊళ్లో ఎవరూ టీ ఇవ్వరు. పలకరిస్తే పక్కకి చూస్తారు. పున్నారావు అందర్నీ ఎక్కించుకున్నాడు, నన్ను తప్ప. అది నాటకమయ్యా అని మొత్తుకున్నాను. నాంచారయ్య దూరంగా నిలబడి, ఎవరికో చెప్తున్నట్టు చెప్పాడు. మంత్రిగారి తప్పు నాటకమేనండి, పావుకోళ్లు మాత్రం నిజంగానే వేసుకొచ్చారు కదండీ అని. సభ ముందు సాగిలపడి తప్పు ఒప్పుకుంటే తప్ప వెలి తీరదట.

నేనా! ఆఫీసులో మెమో ఇచ్చినా సారీ చెప్పని మనిషిని. ఇక్కడే పడుకుంటాను.

మే 7.

దోమలు. పొద్దున డైరెక్టర్ సీసాలో నీళ్లు తెచ్చేదాకా నాలుక పిడచకట్టుకుపోయింది. ఆరో ఎపిసోడ్‌లో నన్ను తిరిగి పిలవాల్సింది కూడా ఈ నలభై మందేనని గుర్తుచేశాడు. మేకప్ వేసుకుని మధ్యాహ్నం దాకా బిగుసుకుని కూర్చున్నాను. వాళ్లూ కూర్చున్నారు.

చివరికి లేచాను. పావుకోళ్లు దూరంగా విప్పాను. ఇసకలో బోర్లా పడి, తప్పయిపోయింది అన్నాను. విగ్గు ఎటో పోయింది. నాంచారయ్య లేపి, ఒంటిమీద ఇసక దులిపాడు. ఏడుపొచ్చింది. సిగ్గేసింది. హాయిగానూ ఉంది. తలెత్తి చూస్తే కెమెరా తిరుగుతోంది.

తర్వాత నాలుగు పేజీలూ దంచేశాను.

జులై 15. ఆదివారం. బందరు.

ఆరో ఎపిసోడ్ వచ్చింది. నాలుగు పేజీల్లో ఒక్క ముక్క లేదు. ఇసకలో పడి తప్పయిపోయింది అంటున్నాను, అంతే.

కామేశ్వరి టీవీ కట్టేసి, ఆ మాట ఇంట్లో కూడా ఒకసారి అనమంది.

రెండు టేకులు చెడగొట్టాను. మూడోది ఓకే అంది.